పెద్ద డ్రమ్ము వినిపించే పెట్టె

పోయిన క్రిస్మస్ తర్వాత ధర్మవరం నుంచి మా వదిన నా ఫోనుకు ఒక వీడియో పంపింది. మా అన్న చనిపోయి అప్పటికి మూడేళ్లు. వదిన తన పాత ఫోను పాడవుతుంటే అందులోవన్నీ కొత్తదానిలోకి మార్పించుకుందట. అప్పుడు దొరికిందట అది.

అక్కడి చర్చి ముందర బ్యాండ్ సెట్టు వాయిస్తోంది. క్లారినెట్లు, ట్రంపెట్లు, రెండు చిన్న డ్రమ్ములు, ఒక పక్కగా మా అన్న. ఎర్ర కోటు, మెడలో పట్టీ, పట్టీకి వేలాడుతున్న పెద్ద డ్రమ్ము. కెమెరా వంక చూడడు. తల కొంచెం వంచి, ఎవరో చెప్పేది వింటున్నట్టు వాయిస్తాడు. ఆయన ఎప్పుడూ అంతే.

వీడియోలో అన్నీ వినిపిస్తాయి. పాట వినిపిస్తుంది, పిల్లల కేకలు వినిపిస్తాయి, వదిన ఎవరితోనో పక్కకు జరగమని చెప్పడం కూడా వినిపిస్తుంది. అన్న డ్రమ్ము మాత్రం వినిపించదు. చెయ్యి లేస్తుంది, పుల్ల వచ్చి చర్మం మీద పడుతుంది, చప్పుడు ఉండదు. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

నేను పెనుకొండలో బడిపంతులమ్మను. కాపురం హిందూపురంలో. రోజూ ఉదయం రైల్లో వెళ్లి సాయంత్రం వస్తాను. ఆ వారమంతా రైలు కిటికీ పక్కన కూర్చుని ఆ వీడియోనే చూశాను. తరగతిలో పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటుంటే, ఆ నిశ్శబ్దంలో ఒక చెయ్యి లేచి పడుతున్నట్టు ఉండేది. నేను తలుపు వైపు చూసేదాన్ని. పిల్లలు కూడా తలలెత్తి తలుపు వైపు చూసేవాళ్లు.

మా ఆయనకు చూపించాను. ఫోనులో స్పీకరు గోరంత ఉంటుందని, అంత లోతు చప్పుడు అందులోంచి రాదని ఆయన చెప్పాడు. మా హాల్లో ఒక యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఉన్నాయి. వాటిలో కూడా సరిగ్గా రాదట, లోతు చప్పుడు కోసమే చేసే స్పీకరు పెట్టె, సబ్‌వూఫర్ కావాలట. అది కొందామని ఆయన ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నాడు, నేనే గోలెందుకని వద్దంటున్నాను. ఈసారి నేనే వెళ్లి చూసి తెస్తానన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు.

మా అన్న కట్టడాల పనికి కూలికి పోయేవాడు. పెళ్లిళ్లు వచ్చినప్పుడు, క్రిస్మస్‌కు, చావులకు బ్యాండ్‌లో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. నాయన పోయాక నేను చదివిన చదువంతా ఆ రెండు పనుల మీదే సాగింది. ఆయన వాయింపులో ఒక తీరు ఉండేది. కుడిచేత్తో దెబ్బ వేసి, అది మోగీ మోగకముందే ఎడమ అరచేత్తో చర్మాన్ని అదిమి ఆపేసేవాడు. మిగతావాళ్ల డ్రమ్ము గూఁ అని సాగేది. ఆయనది కత్తిరించినట్టు ఉండేది. వీధి మలుపులో బ్యాండ్ ఇంకా కనపడకముందే మా ఇంట్లో కూర్చుని అన్న వస్తున్నాడని చెప్పగలిగేదాన్ని.

నాకు హిందూపురం సంబంధం కుదిరినప్పుడు వాళ్లింట్లో అందరూ ఉద్యోగస్తులు. మా అన్న ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పనిచేస్తాడని వాళ్లకు చెప్పాను. పెళ్లికి వారం ముందు అన్న ఇంటికి వెళ్లాను. ఆయన గడప దగ్గర కూర్చుని డ్రమ్ము తాళ్లు బిగిస్తున్నాడు. బ్యాండ్ వాళ్లందరినీ తీసుకొని వస్తానని, ఎవరూ డబ్బులు తీసుకోరని సంతోషంగా చెప్పాడు. నేను చెప్పాల్సింది చెప్పేశాను.

“అన్నా, నువ్వు వాయించొద్దు. ఆడుండే బ్యాండ్ వాళ్లతో తెలిసినట్టు మాట్లాడొద్దు కూడా.”

ఆయన తాడు ముడి పూర్తి చేశాడు. ఆ తర్వాతే తలెత్తాడు.

“సరేలే పాపా. నేను కుర్చీలో కూసుంటాలే.”

అంతే అన్నాడు. తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఏడాదిలోపే మా ఆయనకు అన్న పని సంగతి తెలిసింది. ఆయనా ఏమీ అనలేదు. అన్నకు కామెర్లు ముదిరినప్పుడు నేను పరీక్షల డ్యూటీలో ఉండి, రెండు రోజులు ఆగి వస్తానన్నాను. రెండు రోజులు ఆయన ఆగలేదు. భూస్థాపనకు బ్యాండ్ వాళ్లంతా వచ్చి వాయించారు. పెద్ద డ్రమ్మును మాత్రం ఎవరూ మెడకు వేసుకోలేదు.

హిందూపురంలో నేను వెళ్లిన అంగడి యజమాని ఒక చెవిలో కన్నడంలో ఫోను మాట్లాడుతూనే నన్ను లోపలికి రమ్మన్నాడు. మా వారు రాలేదా అని అడిగాడు, హాలు ఎంత ఉంటుందని అడిగాడు. ఎనిమిది అంగుళాలది, పది అంగుళాలది, పన్నెండు అంగుళాలది వరసగా చూపించాడు. ఒక సినిమాలో కొట్లాట పెట్టాడు. గాజు తలుపులు గడగడలాడాయి. అందరూ పన్నెండుదే తీసుకుపోతారని చెప్పాడు.

నా ఫోనులో వీడియో ఉందని, అది వినాలని అన్నాను. ఆయన వైరు లేకుండానే ఫోనును కలిపాడు. కలిపి ఏదో బటను నొక్కి, ఇప్పుడు వినండి మేడమ్ అన్నాడు.

డ్రమ్ము మోగింది. నా కాళ్ల కింద నేల అదిరింది. మూడేళ్ల తర్వాత విన్న మొదటి దెబ్బ అది. కానీ ఏదో తేడాగా ఉంది. ఫోను తెర మీద అన్న చెయ్యి పడి, మళ్లీ లేచాక అప్పుడు వచ్చింది చప్పుడు. వచ్చింది ఆగలేదు, గూఁ అంటూ సాగింది. అన్న వాయించడం ఆపి నిలబడ్డ చోట కూడా ఒక దెబ్బ పడింది. ఆయన వెనకాల కనపడకుండా నిలబడి ఇంకెవరో వాయిస్తున్నట్టుంది.  ఫోను లాక్కుని బయటికి వచ్చేశాను. బేస్ తగ్గించవచ్చని ఆయన వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు.

పెనుకొండలో బడి నుంచి స్టేషనుకు పోయే దారిలో ఒక సన్నని కొట్టు ఉంది. అరవై దాటిన మనిషి అందులో కూర్చుని పాత యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు, చెక్కతో స్పీకరు పెట్టెలు కూడా కడతాడు. ఒకప్పుడు పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టేవాడట. మరుసటి సాయంత్రం అక్కడ ఆగాను. హాలు కొలతలు అడుగుతాడనుకున్నాను. ఆయన ముందుగా, ఏం వింటావమ్మా దాంట్లో అని అడిగాడు. చెప్పాను. అన్న సంగతీ, ముందురోజు అంగట్లో విన్నదీ ఎందుకు చెప్పానో తెలియదు, చెప్పేశాను.

ఆయన నా ఫోనును వైరుతో కలిపి, బల్ల మీది పెట్టెకు చెవి ఆనించి వీడియో మొత్తం విన్నాడు. రెండోసారి కూడా విన్నాడు. తర్వాత వైరు తీసి ఫోను నా చేతికిచ్చాడు.

“ఇందులో డ్రమ్ము లేదమ్మా. ఫోను మైకు దాన్ని పట్టలేదు. ఆ అంగట్లో నువ్వు ఇనింది మిషను పుట్టించిన చప్పుడు. మీ అన్నది కాదు.”

నేను లేవబోయాను. కూర్చోమన్నాడు. పక్కనున్న రెండు సబ్‌వూఫర్లలో ఒకే పాట ఒకదాని తర్వాత ఒకటి వినిపించాడు. ఒకదానికి ముందు వైపు గొట్టంలాంటి రంధ్రం ఉంది. రెండోది అన్ని వైపులా మూసిన పెట్టె. రంధ్రం ఉన్నది గట్టిగా మోగింది. మూసినది అంత మోగలేదు గానీ దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చక్కగా తెలిసింది. రంధ్రం ఉన్నదానిలో గాలి కూడా మోగుతుందని, అందుకే చప్పుడు పెద్దదని, కానీ ఆపిన చోట ఆగదని వివరించాడు. అన్న ఎడమ అరచేత్తో చర్మాన్ని ఆపేవాడని చెప్పాను. అయితే నువ్వు మూసినదే కొనాలన్నాడు. మీ హాలుకు పది అంగుళాలది చాలన్నాడు.

“పెద్ద కెమెరాతో తీసిందేమన్నా ఉండాదా?”

లేదన్నాను. అయినా ఆ మూసిన పెట్టెనే కొన్నాను. వినడానికి ఏదీ లేకుండా ఎందుకు కొంటున్నానో నాకే అర్థం కాలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఆయన దాన్ని బిగించాడు. మూలలో పెడితే చప్పుడు ఉబ్బిపోయింది. గోడ వెంబడి జరిపాడు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కడ బాగుందో చెప్పమన్నాడు. చివరికి టీవీకి, పుస్తకాల అలమరకు మధ్య కుదిరింది. అది ఎక్కడుందో చెవికి తెలియనంత వరకు తగ్గించాలని ఆ పెనుకొండ మనిషి చెప్పాడని చెబితే, అలాగే తగ్గించాడు. కొద్దిసేపు పాటలు విని, మటన్ తేవడానికి వెళ్లాడు.

అప్పుడు గుర్తొచ్చింది మా పెళ్లి డిస్కు. అది పెద్ద కెమెరాతో తీసిందే. అన్న అందులో వాయించలేదు గానీ కనిపిస్తాడు కదా అని పెట్టాను. ఇన్నేళ్లలో దాన్ని రెండుసార్లు చూసి ఉంటాను, అదీ టీవీ స్పీకర్ల మీదే.

హిందూపురం చర్చి. మూడో వరసలో అన్న, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పక్కన వదిన. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కెమెరా మా వైపు తిరిగింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను తల వంచుకుని ఉన్నాను.

ఆ ప్రార్థన కింద ఏదో కదిలింది. జనరేటరు అనుకున్నాను. ఒక దెబ్బ, ఆగింది. రెండు దెబ్బలు, ఆగింది. మళ్లీ ఒకటి. క్లారినెట్టు లేదు, ట్రంపెట్టు లేదు, అవన్నీ గోడ అవతలే ఆగిపోయాయి. గోడను దాటి లోపలికి వచ్చింది పెద్ద డ్రమ్ము ఒక్కటే. మగపెళ్లివాళ్లు మాట్లాడిన బ్యాండ్ బయట ఊరేగింపు కోసం సిద్ధమవుతోంది. ప్రతి దెబ్బనూ ఒక అరచెయ్యి ఆపుతోంది. ఆ రోజు తల వంచుకునే ఉన్న నేను దాన్ని వినలేదు, ఊరేగింపులో బ్యాండ్ వైపు చూడనూ లేదు.

నేను లేచి వెళ్లి పెట్టె మీద చెయ్యి పెట్టాను. స్పీకరు ముందరి గుడ్డ వెనకాల నుంచి గాలి అరచేతిని నెడుతోంది. తెర మీద పాస్టరు గారు ఆమేన్ అన్నారు. కెమెరా వెనక్కి తిరిగి జనాన్ని చూపించింది. మూడో వరసలో వదిన ఒక్కతే ఉంది. ఆమె పక్కన కుర్చీ ఖాళీ.

మా ఆయన తిరిగి వచ్చేసరికి ఆపేశాను. ఆ వారమంతా ఆయన బయటికి వెళ్లగానే పెట్టేదాన్ని. శనివారం ధర్మవరం రైలెక్కాను.

వదిన పట్టుదారం చుట్టే పని చేస్తుంది. నేను వెళ్లేసరికి మిషను ముందే ఉంది. నా పెళ్లిరోజు అన్న చర్చిలోంచి బయటికి వెళ్లాడా అని అడిగాను. ఆమె మిషను ఆపింది.

“బీడీ తాగొస్తానని పోయినాడు పాపా. వచ్చినాక చూస్తే కొత్త చొక్కా భుజం మీద పట్టీ మడత. ఒళ్లంతా చెమట. ఏంది ఇదంటే, ‘ఆడ డ్రమ్ము కొట్టే ఆయప్పకు తాళం తెలీదు, పాప ఆ తాళానికి నడిచొస్తాదా’ అన్నాడు.”

“నాకెందుకు చెప్పలేదు వదినా?”

“నువ్వు వద్దన్నావంట కదా. చెబితే తప్పు పడతావనుకున్నా.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నాకు కాఫీ పెట్టి ఇచ్చింది. నాతో హిందూపురం రమ్మని, ఒకసారి వినమని అడిగాను. ఆమె చాలాసేపు దారపు కండెలు సర్దింది.

“వచ్చి ఇని, మళ్లీ ఈడికే కదా రావాల,” అంది. రాలేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి మా ఆయన హాల్లో ఉన్నాడు. డిస్కు పెట్టి, ఆ ప్రార్థన దగ్గర ఆయనకు వినిపించాను. అది అన్న అని చెప్పాను. పెళ్లికి వారం ముందు అన్న గడప దగ్గర నేనేమన్నానో కూడా చెప్పాను. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. ఆయన నన్ను ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. ఆయన ముందుకు వంగి దెబ్బలన్నీ అయ్యేదాకా విన్నాడు.

“ఆ పొద్దు బావ అన్నం యాడ తిన్నాడు?” అని అడిగాడు.

చుట్టాలకు చర్చి పక్కన హాల్లో బల్లల మీద వడ్డించారు. బ్యాండ్ వాళ్లకు అందరూ తిన్నాక, వెనక షామియానా కింద నేల మీద. డిస్కు చివరిదాకా వెతికాం. హాల్లో తింటున్న వాళ్లలో వదిన కనిపించింది, అన్న కనిపించలేదు. కెమెరా వెనక వైపుకు వెళ్లలేదు.

వదినకు ఫోను చేసి అడగొచ్చు. ఆమెకు గుర్తుండే ఉంటుంది. రెండుమూడు సార్లు నంబరు దాకా వెళ్లాను. ఇంకా అడగలేదు.