మీ ఇష్టమేనండీ!

అమ్మాయి పెళ్ళయిన కొత్తలో అల్లుడు నన్నూ, వాళ్ళమ్మగారినీ కోరంగి మడ అడవికి తీసుకెళ్ళి, కారు దగ్గరే ఉండిపోయాడు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవది. లోపల నడకదారి రెండుగా చీలింది. ఒకటి దగ్గర్లోని కాలువకి, రెండోది దూరాన ఉన్న వాచ్‌టవర్‌కి.

"ఎటు వెళ్దామండీ వదినగారూ?" అన్నాను.

"మీ ఇష్టమేనండీ."

ఆవిడ టవర్ వైపే చూస్తున్నట్టనిపించి, మోకాళ్ళ నొప్పి దాచుకుని అటే నడిచాను. సగం దారిలో ఆవిడ చెమటలు కక్కుతూ కూలబడ్డారు. గబగబా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి అందించాను.

మంచినీళ్ళు తాగి తేరుకున్నాక, "నాకు మోకాళ్ళ నొప్పులండీ. మీరు సరదా పడుతున్నారని వచ్చాను" అన్నారు. నేనూ పక్కనే చతికిలబడి నా మోకాలి పట్టీ చూపించాను. బురదలో పీతల్ని చూస్తూ ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. ఇకపై మొహమాటాలు వద్దనుకున్నాం.

బయటికి రాగానే అల్లుడు, "టీయా, కాఫీయా అత్తయ్యగారూ?" అన్నాడు.

"మీ అమ్మగారి ఇష్టం బాబూ" అన్నాను.

"వదినగారి ఇష్టమేరా" అన్నారావిడ, అదే క్షణంలో.