ఆవలింతకు చిటికె

ఆ మధ్యాహ్నం పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కి కూర్చోగానే నాకు పెద్ద ఆవలింత వచ్చింది. పక్క సీట్లో ఉన్న ఖాకీ చొక్కా పెద్దాయన, పసిపిల్లలకు వేసినట్టు నా నోటి ముందు చిటికె వేశాడు.

"మంచిగ ఆవులిస్తున్నవ్ సారూ," అన్నాడు, పెదవులు సరిగ్గా విడకుండానే. "లారీ మీద నిద్ర రావద్దని నేను ఇరవై ఏండ్లు గుట్కా నమిలిన. ఇగ నోరు తెరుసుకుంటలేదు. అన్నం గూడ పిసికి జారుగ తాగుడే."

ఇస్నాపూర్ దాటాక ఆయనకూ ఆవలింత వచ్చింది. దవడలు వణికాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మాత్రం వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. చిటికె వేయబోయిన నా చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఎయ్యి సారూ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "గిదీ ఆవులింతనే."