రెండు వేళ్ల కాగితం

హనుమకొండ చౌరస్తా వెనక సందులో, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే సారంగపాణి దుకాణం షట్టరు ఆయన పోయిన ఐదో నెలలో మళ్లీ లేచింది. లేపింది ఆయన భార్య మొగిలమ్మ. ఇరవై రెండేళ్లు ఆయన పక్కన కూర్చుని తీగల నడుమ వేసే కాగితాలు కత్తిరించింది గానీ, తానుగా ఒక్కటీ చుట్టి ఎరగదు.

మొదటి పని భవాని తెచ్చింది. ఆమెది జాకెట్ల మీద పూలు కుట్టే కంప్యూటర్ మిషను. పక్కనే మహిపాల్ వెల్డింగు షాపు. అతను రాడ్డు అంటించినప్పుడల్లా మిషను బిత్తరపోయి నెమలి మెడను తీసుకెళ్లి తోకలో కుట్టేది. అప్పటికే మిషను లోపలి బోర్డులు రెండు కాలాయి. లైనుకూ మిషనుకూ నడుమ పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చుట్టివ్వమంది.

"ఇంకోటి కాలితే దుకాణం ఎత్తుడే అక్కా. నువ్వు చేస్తవా, వేరేకాడ చూసుకోవాల్నా?"

"చేస్త. జర నాలుగు రోజులు ఆగు."

"అసలు గిదేం చేస్తది?"

"రెండు చుట్లుంటయి. లైను కరెంటు మొదటి దాంట్ల తిరిగి ఇనుముకు అయస్కాంతం ఎక్కిస్తది. ఆ బలంతోని రెండో దాంట్ల నీ కరెంటు పుడతది. తీగకు తీగ అంటదు. పక్కింటామె గోడ మీదికెల్లి కూర గిన్నె అందిచ్చినట్టు. కూరొస్తది, ఆమె రాదు."

"ఆమె నోరు గోడ దాటదా మరి?"

మొగిలమ్మకు నవ్వొచ్చింది. "దాటుతది. అందుకే నడుమ రాగి రేకు. గా లొల్లంతా పట్టి ఎర్తుల పారబోస్తది."

చెప్పడం తేలికే. రేకు వేసే వేళకు ఆమె ఎప్పుడూ వంటకని ఇంటికి పోయేది. ఇప్పుడు మొదటి చుట్టు మీద రేకును తిప్పి, కొసలు విడిగా ఉంటే అతుకు నీటుగా ఉండదని రెంటినీ కలిపి టంకం పెట్టింది. పైన రెండో చుట్టు వేసి, ఇనుప పలకలు బిగించి, పరీక్షకు బల్బు గుండా కరెంటు ఇచ్చింది. మిణుకుమనాల్సిన బల్బు భగ్గున వెలిగింది. లోపల ఎక్కడో షార్టు.

అటుగా వచ్చిన మహిపాల్ తొంగి చూశాడు. "వదినె, బల్బు మాత్రం మస్తు వెలుగుతాంది!"

బల్ల కింద సారంగపాణి చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పడి ఉంటే, మొగిలమ్మ దాన్ని ముందు పెట్టుకుని విప్పసాగింది. రేకు బయటపడింది. కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, కానీ తాకడం లేదు. నడుమ రెండు వేళ్ల వెడల్పు కాగితం. అంచున చిన్న గాటు. అది అంచు దెబ్బతిన్న తన కత్తెర పెట్టే గాటే.

"ఇంకో రెండు వేళ్ల పట్టీ కోయి" అనేవాడు సారంగపాణి ప్రతిసారీ. ఎందుకని అడిగితే, "పనికొస్తది తియ్" అనేవాడు. ఎక్కువతక్కువలకేమో అనుకుని కోసిచ్చేది. ఇన్నేళ్లూ అది చేరింది ఇక్కడికి. కొసలు కలిస్తే రేకు తానే ఒక చుట్టయి, కరెంటు తాగి కాగిపోతుంది.

పలకలు ఊడదీసి, పై చుట్టంతా విప్పి, టంకం కరిగించింది. అదే కత్తెరతో పట్టీ కోసి కొసల నడుమ పెట్టింది. ఈసారి బల్బు నిప్పురవ్వలా మిణుకుమంది.

నాలుగో రోజు మొగిలమ్మ దాన్ని భవాని దుకాణంలో బిగించి, రేకు తీగను ఎర్తుకు కలిపి, ఎర్తు బాగా పట్టేలా ఆ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోయించింది.

"ఇగ కాల్చు మహిపాలూ!"

పక్కన చిటచిటలాడింది. సూది ఆగలేదు. నెమలి మెడ వంపు తిరిగి ముక్కు దాకా చక్కగా వచ్చింది.

"మల్లోపాలి!" అని భవాని అరిచింది. మళ్లీ కాల్చాడు. మళ్లీ అంతే.

"నా వెల్డింగుకు ఇజ్జతే లేకపాయె గదా వదినె" అన్నాడు మహిపాల్.

మొగిలమ్మ దుకాణానికి తిరిగొచ్చి, ఇంకా ఏ పనీ రాకముందే, రెండు వేళ్ల పట్టీ ఒకటి కోసి కత్తెర కింద పెట్టుకుంది.