ఆకలికి పూచీ

పూచీ పడడమంటే పూచికపుల్ల ఎత్తినంత పని అనుకున్నాను. అదీ నా తెలివి. మా గోదావరి వైపు "భోంచేసి వెళ్లండి" అనడం అలవాటు. అవతలివాడు నిజంగా పీట వేసుకుంటే మాత్రం లోపలికి పరుగెత్తి గిన్నెలు తడుముకుంటాం.

మెట్ట తాలూకాల్లో వానలు లేని ఏడు, కాలవగట్టు వెంట జనం మా ఊరికి వచ్చేవారు. ఊళ్లోవాడెవడైనా చావడిలో నిలబడి "ఈ మనిషి ఆకలి నాది" అంటేనే ఉండనిచ్చేవారు. ఒక ముసలమ్మ కోసం ఆ మాట నేనన్నాను, భోంచేసి వెళ్లమన్నంత తేలిగ్గా.

ఆమె మా ఇంట్లో వడ్లు దంచి, బండిచావిట్లో పడుకునేది. ఎండలు ముదిరేసరికి జ్వరం తగిలి రోకలి ఎత్తలేకపోయింది. దంపుడు లేదు గనుక కూలిగింజలూ లేవు. ఏం తింటున్నావని నేనూ అడగలేదు. ఊరుమ్మడి గంజిపాకకు వెళ్లడం మొదలుపెట్టింది.

మునసబుగారు నన్ను వీధిలో పట్టుకున్నారు. "ఆవిడ తాగే గంజికి గింజలు మీరే కొలవాలండి."

"నేనాండీ?"

"ఆకలి మీదన్నారు కదండీ. మరి గంజి ఊరిదెలా అవుద్ది?"

గాదెలో మిగిలినవి విత్తనాలే. కొలిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, "ముసలమ్మ తాగేది గంజి కాదు, మన విత్తనాలు" అని మా ఆవిడతో అన్నాను. చమత్కారం కుదిరిందని నేనే నవ్వాను కూడా. బండిచావిడి పక్కనే ఉందని తోచలేదు.

ఆమె గంజిపాకకు వెళ్లడం మానేసింది. మా ఆవిడ చూసేసరికి పెదవులు ఎండి, మాట పీలగా వస్తోంది. గంజి నోటిదాకా తెస్తే మొహం తిప్పుకుంది.

"వద్దయ్యా. నారుమడికి ఉండాల గదా."

పక్కన కూలబడ్డాను. "నీ ఆకలి నాదని ఊరందరి ముందూ అన్నాను. నా మాట పోనివ్వకమ్మా."

ఆమె గంజికి నోరు తెరిచింది. ఆ ఏడు ఒక మడి బీడు పడింది.

మరుసటేడు వరదకు లంక మునిగి, మునసబుగారి బావమరిది పిల్లలతో వచ్చి చావడిలో నిలబడ్డాడు. అందరూ మునసబుగారి వైపు చూశారు. ఆయన కండువా సర్దుకుంటూ ఏదో గొణిగారు.

నా చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. అయినా అరచెయ్యి చెవికి ఆనించి, "వినబడలేదండి, మళ్లీ సెలవియ్యండి" అన్నాను.

"వీళ్ల ఆకలి నాదండి" అని ఆయన ఈసారి గట్టిగా అన్నారు. వీధి అవతల మా పెరట్లో ముసలమ్మ రోకలి చప్పుడు ఒక్క క్షణం ఆగింది.