రబ్బీసు దొరకని ఊరిలో పచ్చ సిమెంటు సభ

నరసరావుపేట బస్టాండులో ఉదయం ఆరుంబావుకు పిడుగురాళ్ళ పల్లెవెలుగు ఎక్కాను. ప్రయాణ కారణం ముందుగా చెప్పాలి. పాత కాంక్రీటు నుంచి కొత్త సిమెంటు చేయవచ్చునన్న అంశానికి అనుకూలంగా మా కళాశాల చర్చాపోటీలో వాదించి గెలిచాను. వాదన సబబైనదే. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలో దాగిన కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. పాత కాంక్రీటులోని సిమెంటు ఆ వాయువును ఒకసారి వదిలేసింది. దాన్ని ఇసుక నుంచి, కంకర నుంచి వేరుచేసి మళ్ళీ కాల్చగలిగితే కొత్త కొండను తవ్వే అవసరం కొంత తగ్గుతుంది. ఇంత చెప్పి చప్పట్లు కొట్టించుకున్న నేను ఆ పనిని ఏనాడూ కళ్ళారా చూడలేదు. అందుకే, గురజాల అవతల ఒక పల్లెలో ‘పచ్చ సిమెంటు’ యూనిట్ ప్రారంభిస్తున్నారని, విద్యార్థులు కూడా రావచ్చునని ఫోనులో ప్రకటన చూడగానే నిర్వాహకుల వాట్సాప్ గ్రూపులో చేరి బయలుదేరాను.

పక్క సీటులో ఒక తాపీమేస్త్రీ కూర్చున్నాడు. పెద్ద వయసు. ఒళ్ళోని గోనెసంచిలోంచి తాపీ పిడి బయటికి కనిపిస్తోంది.

“యాడికి పోతన్నావమ్మాయ్, ఇంత పొద్దున్నే?”

చెప్పాను. ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

“పల్నాట్లో రబ్బీసు యాడ మిగిలిద్దమ్మా? ఇల్లు పడగొడతన్నారని తెలిస్తే చాలు, తలుపులకొకడు, నాపరాళ్ళకొకడు, ఇనుముకొకడు దిగుతారు. ఆఖరికి పెళ్ళలకి గూడా ట్రాక్టరు ఏసకొని వచ్చి నాక్కావాలంటే నాక్కావాలని కొట్టుకుంటారు.”

కూల్చిన కట్టడంలో పనికొచ్చేవన్నీ పోగా మిగిలే గోడ పెళ్ళలను, కాంక్రీటు ముక్కలను ఇక్కడ రబ్బీసు అంటారు. కొత్త ఇంటి పునాది గోడల మధ్య, అంటే బేస్‌మట్టంలో, దాన్ని నింపి, గుద్ది, పైన నేల పోస్తారు.

“మరి ఆ యూనిట్‌వాళ్ళు ఎక్కడినుంచి తెస్తారు బాబాయ్?”

“చూసొచ్చి నాక్కూడా చెప్పు. నాకో రెండు ట్రాలీలు కావాల.”

ఏడున్నరకు పిడుగురాళ్ళలో దిగాను. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ కారంగా ఉంది, బల్లల మీద సున్నం దుమ్ము సన్నగా పరచుకుని ఉంది. అక్కడి నుంచి గురజాల బస్సు గంట సేపు పట్టింది. ఎండాకాలం చివరి రోజులు. మంచినీళ్ళ సీసా వెంట ఉండాలి. గురజాలలో షేర్ ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఆ పల్లె. పది గంటలకు మొదలవుతుందన్న సభ దగ్గరికి తొమ్మిదిన్నరకే చేరి, నా తొందరపాటుకు తగిన శిక్షగా పదకొండుంబావు దాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

షామియానా వెనుక ఫ్లెక్సీ ఉంది. దాని మీద ఆకులు కొన్ని, నాయకుల ముఖాలు అంతకు మించి ఉన్నాయి. యంత్రం బొమ్మకు మాత్రం చోటు చాలలేదు. అసలు యంత్రం లారీ మీదనే ఉంది, దింపనే లేదు. పక్క బల్ల మీద ఆకు గుర్తుతో ఒక సిమెంటు సంచి, దానికి బంతిపూల దండ. యంత్రం ముందు కాంక్రీటు పెళ్ళల కుప్ప. కుప్ప మీద, తలకు తువ్వాలు చుట్టుకుని ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఫొటోగ్రాఫర్ ఆమెను చూసి సంతోషించి, తట్ట కూడా పట్టుకోమన్నాడు.

“తట్ట కాదు, కర్ర పట్టుకుంటా. పో అవతలికి,” అంది.

ఆమె పేరు ఆదెమ్మ. నేను దగ్గరికి వెళ్ళి పలకరించగానే జరిగినదంతా చెప్పింది. ఊళ్ళో పంచాయతీవారి పాత గది ఒకటి పడగొట్టి, ఆ రబ్బీసును ఆమెకు ఇచ్చారు. ఆమె స్థలం పల్లంలో ఉంది. వాన పడితే మోకాటి లోతు నీళ్ళు.

“నేనూ మా ఆయనా రెండ్రోజులు బేస్‌మట్టంలో సర్దుకున్నాం పాపా. నిన్న మేం కూలికి పోయినంక ఈ సిమెంటోళ్ళు జేసీబీ పెట్టి మొత్తం తోడకపోయారు. రేప్పొద్దున నేల పొయ్యటానికి మేస్త్రీలు వస్తన్నారు. ఇయ్యాల రబ్బీసు రాకపోతే వాళ్ళు ఇంకో ఊరికి పోతారు, మళ్ళీ దొరకరు. వానలొచ్చేస్తన్నయ్. పిల్లల్ని యాడ పండుకోబెట్టాల?”

కంపెనీ టీషర్టులో చెమటలు కక్కుతున్న యువ ఇంజనీరును ఇది నిజమేనా అని అడిగాను.

“ఏం చెయ్యను మేడమ్? మూడు ఊళ్ళు తిరిగాం. ఎవరి దగ్గరా వేస్ట్ లేదు.”

వ్యర్థం లేని ప్రాంతానికి వ్యర్థాన్ని తగ్గించే యంత్రాన్ని తెచ్చి, అప్పటికే ఒకరి ఇంటి నేలలో చేరి సద్వినియోగమైన దాన్ని తవ్వితీసి, సద్వినియోగం చేస్తున్నామని సభ పెట్టారన్న మాట.

“కాల్చే కొలిమి ఎక్కడ?” అన్నాను.

“అది సెకండ్ ఫేజ్ మేడమ్. ఇప్పుడు క్రషింగ్ వరకే.”

“మరి ఈ సంచిలోని సిమెంటు?”

“డిస్‌ప్లే కోసం. పోయిన నెలే వచ్చింది.”

కుప్ప నిన్న వచ్చింది, అందులోంచి పుట్టిన సిమెంటు పోయిన నెల వచ్చింది. కార్యకారణాల వరస ఇంత ధైర్యంగా తలకిందులు కావడం నేను ఏ చర్చావేదిక మీదా చూడలేదు.

ముఖ్య అతిథి వచ్చి నలభై నిమిషాలు భూమాత గురించి మాట్లాడారు. అంతసేపూ ఆయన కారు ఏసీ కోసం ఇంజను నడుస్తూనే ఉంది. తరువాత స్విచ్చి వేయడానికి లేచారు. ఆదెమ్మ కదలలేదు.

“కార్మికురాలు దయచేసి పక్కకు రావాలి,” అని మైకులో వినిపించింది.

“నేను కూలీని గాదయ్యా. దీనికి ఓనర్ని!”

వెనుక వరసల్లో నవ్వులు లేచాయి. విద్యార్థులు ప్రశ్నలు అడగవచ్చునని అంతకుముందే ప్రకటించారు కనుక నేను మైకు అందుకున్నాను. “ఎవరికీ అక్కరలేనిది వ్యర్థం. ఈ కుప్ప మీద ఒక మనిషి కూర్చుని ఇది నాదంటోంది. ఇది వ్యర్థమా, ఆమె సొత్తా? సొత్తయితే ఎవరి అనుమతితో తెచ్చారు?”

ముఖ్య అతిథి చిరునవ్వు నవ్వారు. “కాలేజీ పిల్లలు చూడండి ఎంత చక్కగా మాట్లాడతన్నారో! గట్టిగా చప్పట్లు కొట్టాల.”

కొట్టారు. మైకు నా చేతిలోంచి పోయింది. నా తర్కం సాధించినది అంతే.

చప్పట్లు ఆగాక ఆదెమ్మ గొంతు వినిపించింది. “చప్పట్లు తీసకపోయి బేస్‌మట్టంలో పోసుకోనా అయ్యా? వాటి మీద నేల నిలిచిద్దా?”

ఈసారి ముందు వరసలు కూడా నవ్వాయి. అతిథి గడియారం చూసుకున్నారు. ఒంటిగంటకు ఆయన మాచర్లలో ఉండాలి.

“ఆమెది ఆమెకిచ్చెయ్యండయ్యా. మిషన్లోంచి వచ్చింది వచ్చినట్టు ట్రాక్టర్లో ఎక్కించండి.”

“ట్రాక్టరు కళ్ళబడ్డాకే లేస్తా,” అంది.

ట్రాక్టరు వచ్చింది. ఆదెమ్మ లేచింది. స్విచ్చి పడింది, కెమెరాలు మెరిశాయి, దుమ్ము పెద్దల తెల్లబట్టల మీద సమానంగా పడింది. పచ్చ సిమెంటు యంత్రం ఆ పూట చేసినదల్లా పెద్ద ముక్కలను చిన్న ముక్కలు చేయడం.

మధ్యాహ్నం రెండున్నరకు ఆఖరి ట్రాలీ ఆదెమ్మ పునాదిలో పడింది. ఆమె ఒంగి పిడికెడు తీసి చూసుకుంది.

“పెళ్ళలకన్నా ఇదే మేలే పాపా. సందుల్లేకుండా కూచునిద్ది.”

విద్యార్థులకిస్తామన్న భోజనం పొట్లాలు పెద్దల డ్రైవర్లతోనే అయిపోయాయి. ఆదెమ్మ పెట్టిన పెరుగన్నం, గోంగూర పచ్చడి తిని, ఆమె ఫోను నంబరు తీసుకుని, నాలుగింటికి ఆటో ఎక్కి గురజాల వచ్చి పిడుగురాళ్ళ బస్సు అందుకున్నాను.

సూత్రం మీద నాకు గౌరవం తగ్గలేదు. ఆ సూత్రం అవసరమయ్యే నగరాలు వేరే ఉన్నాయి. అక్కడ కూల్చిన మేడలను రాత్రికి రాత్రి చెరువుల్లో పోస్తారు. అక్కడికి పోని యంత్రం, గోడ పెళ్ళనైనా పారేయని పల్నాటికి పొదుపు నేర్పడానికి లారీ ఎక్కి వచ్చింది. రేపు ఇంకో మండలంలో సభ అని ఇంజనీరు చెప్పాడు. ఈ దారిన వెళ్ళదలచినవారికి ఆదెమ్మ ఊళ్ళో చూడడానికి ఖాళీ స్థలం తప్ప ఏమీ దొరకదు.

పిడుగురాళ్ళలో బస్సు మారుతుండగా నిర్వాహకుల గ్రూపులో ఫొటో వచ్చింది. కుప్ప మీద ఆదెమ్మ, కింద ‘పచ్చ సిమెంటు తొలి లబ్ధిదారు హర్షం’ అని. ఆమెకు ఫోను చేసి చదివి వినిపించాను.

“నా దగ్గర తీసకపోయి నాకే ఇస్తే లబ్ధంటారా? అట్టయితే లబ్ధిదారులు వాళ్ళే పాపా. నా రబ్బీసే లేకపోతే వాళ్ళకి సభ యాడిది?”

ఈ మాట అందరికీ చెప్పవచ్చునా అని అడిగాను. “చెప్పు, నాకేం భయం?” అంది. ఆమె పేరుతోనే, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ ఫొటో కింద రాశాను.

ఏడున్నరకు నరసరావుపేటలో దిగేసరికి గ్రూపులోంచి ఫొటో తీసేశారు. నన్ను కూడా.