గోదాములో మసక బొమ్మ

మొన్న టెక్కలిలో మా మేనల్లుడు ఫోనులో నాలుగు ప్రొజెక్టర్లు చూపించి, "నువ్వు సదివినోడివి గదా మావా, ఇంట్లో సినిమాకి ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. ఫోను వాడి చేతికే తిరిగి ఇచ్చేశాను. వాళ్ల నాన్నకు, అంటే మా బావకు, ఇలాంటి సలహాయే నేనొకసారి ఇచ్చాను.

రెండువేల దశకం మధ్యలో మాట. బావకి కంచిలి దగ్గర కొబ్బరితోట, పలాసలో జీడిపప్పు వ్యాపారం. క్రిస్మస్ ముందు మా చర్చి ఆవరణలో దుప్పటి కట్టి వేసే భక్తి సినిమాలు చూసి పెరిగినవాడు. ఇంటి వెనక జీడిగింజల గోదాము ఖాళీ అయ్యేసరికి, దాన్ని సొంత సినిమాహాలు చేస్తానని పట్టుబట్టాడు. సున్నం వేయించిన గోడ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఎంత కడిగినా పోని జీడితొక్కల ఘాటు. విశాఖ నుంచి షాపు మనిషి ఒక ప్రొజెక్టరు తెచ్చి బొమ్మ వేసి చూపించాడు.

"ఏటిది బామ్మర్దీ, మొకాలన్నీ పొగలో ఉన్నట్టున్నాయి?" అన్నాడు బావ.

తెలివి చూపించుకోడానికి నాకు కావలసిందీ అదే. పదో తరగతితో చదువు ఆగినా, గ్రంథాలయంలో కాంతిశాస్త్రం పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ని. బొమ్మ అంటే చుక్కల ముగ్గులాంటిదని, చుక్కలు తక్కువైతే ముఖాలు అలుక్కుపోతాయని, రిజల్యూషన్ ఎక్కువున్నది తెప్పించాలని సుద్దముక్కతో గోడ మీద గీసి మరీ చెప్పాను.

"నాకు బాగానే కనపడతంది గదరా," అంది అక్క వెనకనుంచి.

"నీకేటిలే, పెళ్లిసూపుల్లో ఈ బావే బాగున్నాడన్నావు," అన్నాను. బావ పడీపడీ నవ్వాడు.

ఆ ముఖం పొద్దుటిపూట ఉబ్బి ఉంటోందని నాకు తెలుసు. చెప్పుల్లో పాదాలు పట్టడం లేదనీ తెలుసు. అప్పటికే వాళ్ల వీధిలో ముగ్గురు మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, పెద్దాసుపత్రికి వెళ్లొచ్చి మంచం పట్టారు. అయినా మా ఉద్దానం ఊళ్లలో కాళ్లవాపు మాట ఎవరూ పైకి అనేవారు కాదు. ఎవరైనా రక్తపరీక్షకి వెళ్లాడని తెలిస్తే ఆ ఇంటి పిల్లలకి సంబంధాలు రావని భయం. జీడిగింజలు కాల్చే బట్టీ వేడి అనేవారు, ఉప్పుచేప అనేవారు. నేనూ అదే అనుకున్నాను.

చుక్కలు ఎక్కువున్న ప్రొజెక్టరు రావడానికి రెండు నెలలు పట్టింది. గోడ మీద హీరోయిన్ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. గర్వంగా బావ వైపు తిరిగాను.

"ఇదీ అంతేరా," అన్నాడు నెమ్మదిగా. "మజ్జిలో నల్లమచ్చ కూడా ఉంది."

నేను ప్రొజెక్టరు అద్దం తుడవబోయాను. అక్క లేచి, ప్రొజెక్టరు వచ్చిన అట్టపెట్టె తెచ్చి బావ ముందు పట్టుకుంది. "పెద్దచ్చరాలే, సదువు." బావ అట్టపెట్టెను దగ్గరికి లాక్కున్నాడు, దూరం జరిపాడు. చదవలేకపోయాడు. గోడ మీద ఎవరో పాడుతూనే ఉన్నారు.

మర్నాడు డాక్టరు బీపీ చూసి, కంటిలోపల చూసి, రక్తం తీయించాడు. కిడ్నీలు చాలావరకు పోయాయనీ, ఆ రక్తపోటుకే కళ్లు దెబ్బతిన్నాయనీ చెప్పాడు. మసక మొదలైనప్పుడే వస్తే చూపు కొంతైనా నిలిచేదన్నాడు. ఆసుపత్రి మెట్ల మీద అక్క ఏడవలేదు. "యంత్రాన్ని అంతసేపు సూసావు, మనిసిని సూళ్ళేదేటిరా?" అంది.

బావ మరో రెండేళ్లు బతికాడు. ఆదివారం మధ్యాహ్నాలు గోదాములో కూర్చుంటే, గోడ మీద జరిగేదంతా అక్క పక్కనుండి చెప్పేది. కాలం ఏళ్ల లెక్కన పోతుందనుకుంటాం. మా బావకున్న కాలం మాత్రం, మంచి బొమ్మ కోసం మేమంతా ఎదురుచూసిన ఆ రెండు నెలల్లోనే పోయింది.