ఫైల్లో నా తలనొప్పి మూడు రోజులే

ఆ రోజు ఒక ఆకుపచ్చ పట్టుచీరకు ఫాల్ కుడుతున్నాను. ఉన్నట్టుండి చీర అంచు ఎడమవైపు కనిపించడం మానేసింది. కళ్లు నలుపుకున్నాను. వంకరటింకర వెలుగు గీతలు కదులుతున్నాయి, వాటి వెనకాల గుడ్డ లేదు, సూది లేదు. ఇరవై నిమిషాలకు చూపు తిరిగొచ్చింది. దాని వెంటే తలలో ఒక పక్క నొప్పి మొదలైంది, వాంతులయ్యాయి. సాయంత్రం దాకా షట్టరు దించి చీకట్లో పడుకున్నాను.

శాలిబండలో మాది చిన్న షాపు, ఫాల్, పికో కుడతాను. పైన ఇల్లు. రోజంతా ట్యూబ్‌లైటు కింద కూర్చుని చీర రంగుకు తగ్గ దారం తీయాలి. చూపు పోతే నా పని పోయినట్టే. అందుకే ముందు కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. అద్దాలిచ్చారు. ఇంకొకరు సైనస్ అన్నారు, ఆవిరి పట్టమన్నారు. పట్టాను. తలనొప్పి వస్తూనే ఉంది. చివరికి మా ఆయనా నేనూ ప్రభుత్వ ఆసుపత్రిలో న్యూరో ఓపీకి వెళ్లాం. ఎంఆర్ఐ నార్మల్ వచ్చింది. "మైగ్రేన్ విత్ ఆరా" అన్నారు డాక్టర్ మేడమ్. నొప్పికి ముందు చూపు అలా చెదరడమే ఆరా అట.

ఫ్లూనరిజిన్ రాసి, ఓపిగ్గా చెప్పారు. "ఇది ప్రివెంటివ్ మెడిసిన్ అమ్మా, నొప్పి రాకుండా ఆపేది. నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి. పనిచేస్తుందా లేదా అనేది ఏ స్కాన్‌లోనూ కనిపించదు. నెలలో ఎన్ని రోజులు నొప్పి వచ్చిందో మీరు చెప్పే లెక్కే నాకు టెస్ట్."

మొదటి నెల క్యాలెండర్ మీద నేనే గుర్తులు పెట్టాను. పదహారు రోజులు వచ్చాయి, మేడమ్ ఫైల్లో అదే రాసుకున్నారు. ఆ తర్వాత పెళ్లిళ్ల సీజన్, చీరలు కుప్పపడ్డాయి. ఓపీ లైన్లో సగం రోజు పోతుంది. మా ఆయన యాదగిరి బస్ డిపోలో మెకానిక్, ఓపీ రోజునే ఆయనకు వీక్లీ ఆఫ్. ఇక నుంచి తనే పోయి ఫైల్ చూపెట్టి మందులు తెస్తానన్నాడు. నా సంతోషం అంతా ఇంతా కాదు. పక్క షాపు మ్యాచింగ్ సెంటర్ నస్రీన్ ఆపా ముందు మా ఆయన గురించి గొప్పలు కూడా పోయాను. ఇంట్లో మనిషే చూస్తున్నాడు కదా అని క్యాలెండర్ మీద రాయడం మానేశాను.

నెల నెలా మాత్రలు వచ్చాయి. ఒళ్లు పెరిగింది, పొద్దున లేస్తే మత్తు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. డాక్టరేమన్నారని అడిగితే, మంచిగనే ఉందట, ఇవే కంటిన్యూ చేయమన్నారట అనేవాడు. అంత పెద్ద డాక్టరు బాగుందంటున్నారంటే నాకే ఓర్పు తక్కువేమో అనుకున్నాను. పొద్దున్నే మెడికల్ షాపు పెయిన్ కిల్లర్ ఒకటి మింగి, వంట చేసి, ఆయనకు అన్నం డబ్బా కట్టి, షాపు తీసేదాన్ని.

ఏడో నెలలో కుడుతుండగానే మళ్లీ చూపు సగం పోయింది. మోటారు మిషన్. పెడల్ మీంచి కాలు తీసేలోపే సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది. నా కేక విని ఆపా వచ్చి కట్టు కట్టించింది. ఈసారి ఓపీకి నువ్వే పోవాలి, నేనొస్తానంది. నేనుండగా మీరెందుకు అని మా ఆయన గొణిగాడు. మేం వినలేదు.

మేడమ్ ఫైల్ తెరిచి నవ్వారు. "గుడ్ రెస్పాన్స్ అమ్మా. పదహారు నుంచి మూడుకు వచ్చింది. డోసు తగ్గిద్దామనుకుంటున్నా."

"మూడెక్కడివి మేడమ్? నిన్న ఉండె, మొన్న గూడ ఉండె."

"మీ ఆయన చెప్పిన లెక్కే కదమ్మా ఇది."

కాగితాలు తిరగేశాను. నాకు ఇంగ్లిష్ అంతగా రాదు గానీ అంకెలు వచ్చు. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. నేను గోడ పట్టుకుని మెట్లు దిగిన నెలలవి. పనిచేయని మందు ఏడు నెలలు మింగాను. దాన్ని మార్చాలని డాక్టరుకు తెలిసే దారే లేకపోయింది. పెయిన్ కిల్లర్లు ఎన్ని రోజులు వాడుతున్నావని అడిగారు. సగం నెల పైనే అన్నాను. మేడమ్ పెన్ను కింద పెట్టారు. అన్నన్ని వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయట. మెడికేషన్ ఓవర్‌యూజ్ అన్నారు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. దబాయించలేదు, అబద్ధమూ ఆడలేదు. అందుకే ఇంకా మండింది.

"నువ్వు వంట చెయ్యకుండ పండుకున్న రోజులు లెక్కవెట్టి చెప్పిన. వండినవంటే మంచిగున్నట్టే గద" అన్నాడు.

"ఒక్కసారన్న నన్ను అడిగినవా?"

"అడిగేదేముంది, రోజు చూస్తనే ఉన్న గద."

రోజూ చూస్తూనే ఉన్నాడట. ఒక చేత్తో కణత నొక్కుకుంటూ రొట్టెలు కాల్చడం చూశాడు, రొట్టెలు వచ్చాయి కాబట్టి నొప్పి లేదనుకున్నాడు. పరాయివాడు మోసం చేస్తే నాలుగు తిట్టి మర్చిపోతాం. నా నొప్పిని తన డబ్బాతో కొలిచిన మనిషితో పదిహేడేళ్లుగా కాపురం చేస్తున్నానని ఆ రోజు తెలిసింది. చాలా ఏడ్చాను.

మేడమ్ చెప్పినట్టు పెయిన్ కిల్లర్లు ఆపిన మొదటి రెండు వారాలు నరకం చూశాను. మందు మార్చి టోపిరమేట్ ఇచ్చారు. వేళ్లలో తిమ్మిర్లు, మాటలు తట్టేవి కావు. ఒకరోజు గంధం రంగు రీలు చేతిలో పట్టుకుని, ఆ రంగు పేరు గుర్తురాక కస్టమర్ ముందు బిక్కమొహం వేశాను. అదీ ఆపారు. ఆస్తమా లేదని అడిగి తెలుసుకుని, బీపీ చూసి, ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. మూడో నెలకు పదహారు కాస్తా ఏడుకు దిగాయి. సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టేనన్నారు మేడమ్. పూర్తిగా పోతుందని ఆశపెట్టలేదు, అది నాకు నచ్చింది.

ఇప్పుడు ఆయన నాతో ఆసుపత్రికి వస్తే మందుల కౌంటర్ దగ్గర లైన్లో నిలబెడతాను, డాక్టరు గదిలోకి రానివ్వను. ఈమధ్య పొద్దున్నే "ఇయ్యాల ఉన్నదా?" అని అడుగుతున్నాడు. ఉంటే ఉందని చెప్తాను. నా కోపం మాత్రం తగ్గలేదు, తగ్గిందని మీకు అబద్ధం చెప్పను.

మీకు ప్రివెంటివ్ మందు రాస్తే లెక్క మీ చేత్తో మీరే రాసుకోండి. నొప్పి వచ్చిందా, పెయిన్ కిల్లర్ వేసుకున్నారా, పని చెడిందా, ఈ మూడూ ఏ రోజుకారోజు రాయండి. నొప్పితోనే పని చేసుకున్న రోజును కూడా నొప్పి రోజుగానే రాయండి. ఇంటివాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, ఆ అంకె డాక్టరుకు మీ నోటితోనే చెప్పండి.

పోయిన ఓపీలో మేడమ్ "ఈ నెల ఎన్ని?" అని అడిగారు.

"ఏడు మేడమ్. అండ్ల ఐదు రోజులు వంట గూడ చేసిన" అన్నాను.

ఆమె ఏడు అని రాసుకున్నారు.